కారు కిందకి దించాక టైర్లని ఎందుకు తినేస్తుంది? ఫోన్ సెన్సర్, గాలం దారంతో నేను చేసిన వీల్ అలైన్‌మెంట్

రెండు మిల్లీమీటర్లు. అంటే మీ పర్సులో ఉన్న ఏటీఎం కార్డులు రెండున్నర ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందం వస్తుందో అంత. నా స్విఫ్ట్ ముందు టైర్లు రెండూ నాలుగు నెలల్లో, 4,000 కిలోమీటర్లకే లోపలి అంచు నుంచి దారాలు తేలేలా అరిగిపోవడానికి ప్రధాన కారణం ఒక్కో చక్రానికి ఆ రెండు మిల్లీమీటర్ల తేడానే.

ఇది ఫోన్ల సైట్ కదా, కార్ గొడవ ఎందుకు అని మీరు అడగొచ్చు. దీంట్లో ఫోన్ కూడా ఉంది, కాస్త ఆగండి.

ముందు నా తప్పు ఒప్పుకుంటా. నేను ఇంటి నుంచే పని చేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మాది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు, ఉద్దానం. రెండో తరం స్విఫ్ట్ డీజిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. యూట్యూబ్‌లో కేరళ కుర్రాళ్ల కార్లు చూసి చూసి, విశాఖలో ఒక షాపులో 40 మిల్లీమీటర్లు దించే లోయరింగ్ స్ప్రింగ్స్ వేయించా. వాళ్లు సాయంత్రానికి కారు చేతిలో పెట్టి "అలైన్‌మెంట్ కూడా అయిపోయింది సార్, అంతా గ్రీన్" అన్నారు. ప్రింట్ అడగలేదు. అది నా మొదటి తప్పు. దించక ముందు రీడింగ్స్ తీసుకోకపోవడం దానికంటే పెద్ద తప్పు. కోడ్ మార్చే ముందు బ్యాకప్ తీసుకోని వాడిని ఆఫీసులో నేనే తిడతా.

మా పెదనాన్నకి వారానికి రెండు సార్లు పలాసలో డయాలసిస్. ఉద్దానం గురించి తెలిసిన వాళ్లకి ఇది కొత్త విషయం కాదు, మా వైపు ప్రతి వీధిలో ఒక కిడ్నీ పేషెంట్ ఉంటారు. ఆటోలో వెళ్లొస్తే ఆయనకి నీరసం ఎక్కువ అవుతోందని నా కారులో తీసుకెళ్లడం మొదలెట్టా. కారు దించాక మొదటి రోజు ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఏట్రా, బండి కుంగిపోనాది? టైర్లలో గాలి లేదేటి?" అన్నారు. "స్టైల్ పెదనాన్నా" అన్నా. ఆయన ఇంకేమీ అనలేదు.

అక్టోబర్ వానల్లో ఒక రోజు ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని హైవే మీద వస్తుంటే, నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్క క్షణం చేతిలో గాలిలా తేలిపోయింది. వేగం 70 కూడా లేదు. డివైడర్ వైపు అడుగున్నర జరిగి మళ్లీ పట్టు దొరికింది. ఆయన నిద్రలోనే ఉన్నారు. కాశీబుగ్గలో ఆపి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి టైరు లోపలి వైపు చూశా. బయట అంచు కొత్త టైరులా ఉంది. లోపల మూడు వేళ్ల వెడల్పున గుండులా నున్నగా, ఒక చోట వైరు కనిపిస్తూ ఉంది. నిలబడి చూస్తే ఇది ఎప్పటికీ కనపడదు. లోయరింగ్ చేసిన ప్రతి వాళ్లూ నెలకోసారి స్టీరింగ్ తిప్పి లోపలి అంచు తడిమి చూడండి. చెయ్యి ఒక వైపు జరిపితే నున్నగా, ఇంకో వైపు జరిపితే రంపం పళ్లలా తగిలితే అది టో సమస్య.

దించితే అసలు ఏం మారుతుంది?

మన దేశంలో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీర్ 1940ల్లో తయారు చేసిన డిజైన్. చవక, తక్కువ చోటు, భాగాలు తక్కువ. పైన షాక్ అబ్జార్బర్ కారు బాడీకి బిగించి ఉంటుంది. కింద లోయర్ ఆర్మ్ అని ఒక ఇనుప చెయ్యి చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. పక్కన టై రాడ్, ఇది స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పేది.

మీ మోచెయ్యి బల్ల మీద ఆనించి, అరచేతిని కాస్త కిందకి వాల్చి ఊహించుకోండి. అది లోయర్ ఆర్మ్. కంపెనీ ఎత్తులో ఈ ఆర్మ్ బయటకి వెళ్లే కొద్దీ కిందకి వాలి ఉంటుంది. కారుని దించితే బాడీ కిందకి వస్తుంది, చక్రం నేల మీదే ఉంటుంది కాబట్టి ఆర్మ్ మెల్లగా అడ్డంగా మారుతుంది. అడ్డం అయ్యే కొద్దీ దాని కొస బయటకి జరుగుతుంది. అంటే చక్రం కింది భాగాన్ని బయటకి తోస్తుంది. పైభాగం లోపలికి వాలినట్టు అవుతుంది. దీన్నే నెగెటివ్ క్యాంబర్ అంటారు. ముందు నుంచి చూస్తే చక్రాలు కాళ్లు చాపి నిలబడ్డట్టు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక విషయం చాలా మందికి తెలియదు. ఇంకా దించితే ఆర్మ్ అడ్డం దాటి పైకి వాలుతుంది. అప్పుడు కొస మళ్లీ లోపలికి రావడం మొదలవుతుంది. అంటే మలుపులో కారు ఒక పక్కకి ఒరిగినప్పుడు బయటి చక్రం లోపలికి వాలాల్సింది పోయి, బయటకి వాలుతుంది. టైరు పట్టు అప్పుడే తగ్గుతుంది. దానికి తోడు, కారు తన బరువు కేంద్రం కంటే ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువే ఎక్కువగా కిందకి పడిపోతుంది. అందుకే బాగా దించిన కారు మలుపుల్లో అతుక్కుపోతుంది అన్న మాటలో సగమే నిజం. రేసు కార్లకి ఆర్మ్‌లు, జాయింట్లు కూడా మార్చి దించుతారు. మనం స్ప్రింగ్ మార్చి ఊరుకుంటాం.

అసలు విలన్ టో. పై నుంచి చూస్తే రెండు ముందు చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా, లేక ముక్కులు లోపలికో బయటకో తిరిగి ఉన్నాయా అన్నది టో. మన రెండు పాదాలు అనుకోండి. బొటనవేళ్లు లోపలికి తిప్పి నడిస్తే టో ఇన్, బాతులా బయటకి తిప్పి నడిస్తే టో అవుట్. టై రాడ్ పొడవు వేరు, అది తిరిగే బిందువు వేరు. లోయర్ ఆర్మ్ గీసే వంపూ, టై రాడ్ గీసే వంపూ ఒకటే కాదు. కారు ఎత్తు మారితే ఈ రెండింటి తేడా చక్రాన్ని తిప్పేస్తుంది. ఏ వైపు తిప్పుతుంది అన్నది స్టీరింగ్ ర్యాక్ ఇరుసుకి ముందుందా వెనకుందా, ఎంత ఎత్తులో ఉంది అన్నదాన్ని బట్టి. నా కారులో బయటకి తిప్పింది.

లెక్క చూద్దాం. నా కారు మొత్తం టో 36 నిమిషాలు అవుట్. కోణాల్లో 1 డిగ్రీకి 60 నిమిషాలు, కాబట్టి 0.6 డిగ్రీ, ఒక్కో చక్రానికి 0.3. 15 అంగుళాల రిమ్ వ్యాసం 381 మిల్లీమీటర్లు. 381ని సైన్ 0.3తో గుణిస్తే 2 మిల్లీమీటర్లు. మొదట్లో చెప్పిన రెండు మిల్లీమీటర్లు ఇవే. ఇప్పుడు అదే కోణంతో చక్రం 1 కిలోమీటరు దొర్లితే, అది వెళ్లాలనుకున్న దారికీ కారు లాక్కెళ్లిన దారికీ 5.2 మీటర్ల తేడా వస్తుంది. 4,000 కిలోమీటర్లకి దాదాపు 21 కిలోమీటర్లు. పలాస నుంచి టెక్కలి వెళ్లే దారిలో సగానికి పైగా ఆ టైరుని అడ్డంగా ఈడ్చినట్టు. నిజానికి రబ్బరు వంగి కొంత సర్దుకుంటుంది, అంత దూరమూ గీసుకుపోదు. కానీ దిశ అదే. దీనికి నెగెటివ్ క్యాంబర్ కలిస్తే బరువంతా లోపలి అంచు మీదే పడుతుంది, ఈడ్చుడు కూడా అక్కడే జరుగుతుంది. క్యాంబర్ ఒక్కటే ఉంటే టైరు చాలా కాలం వస్తుంది. రెండూ కలిస్తే నా కథ.

మరి షాపులో గ్రీన్ ఎందుకు వచ్చింది?

3డి అలైన్‌మెంట్ మెషీన్ ఎలా పని చేస్తుందో మీకు అర్థం కావడం తేలిక. ఫోన్‌లో ఏఆర్ యాప్ బల్లని గుర్తు పట్టి దాని మీద బొమ్మ నిలబెడుతుంది చూడండి, సూత్రం అదే. ప్రతి చక్రానికీ చుక్కల డిజైన్ ఉన్న పలక బిగిస్తారు. ఆ చుక్కల సైజు, దూరాలు సాఫ్ట్‌వేర్‌కి ముందే తెలుసు. కెమెరాలో అవి ఎంత వంకరగా, ఎంత చిన్నగా కనిపిస్తున్నాయో చూసి పలక ఏ కోణంలో ఉందో లెక్కేస్తుంది. కారుని ఒక అడుగు వెనక్కి, ముందుకి దొర్లించమంటారు కదా, అది చక్రం నిజంగా ఏ ఇరుసు చుట్టూ తిరుగుతోందో పట్టుకోవడానికి. రిమ్ కాస్త వంకరగా ఉన్నా, క్లాంప్ సరిగ్గా కూర్చోకపోయినా ఆ తప్పు దీంతో పోతుంది.

మెషీన్ బాగానే ఉంటుంది, దాన్ని వాడే తొందర వేరు. స్ప్రింగ్స్ వేసిన గంటకే అలైన్‌మెంట్ చేస్తే ఆ రీడింగ్‌కి విలువ లేదు. జాకీ మీంచి దింపిన కారు సరిగ్గా కూర్చోదు. కొత్త స్ప్రింగ్స్ కూడా మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకాస్త సర్దుకుంటాయి. అప్పుడు ఎత్తు మళ్లీ మారుతుంది, ఎత్తుతో పాటు టో కూడా.

మెషీన్ కంటే కూడా నా కొంప ముంచింది బుష్‌లు. లోయర్ ఆర్మ్ లోపలి కొసలో రబ్బరు బుష్ ఉంటుంది. దాని మధ్యలో ఇనుప గొట్టం, బోల్టు బిగిస్తే ఆ గొట్టం కదలదు, రబ్బరు మాత్రమే మెలితిరుగుతుంది. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు ఆ బోల్టు బిగించేస్తే, కారు కిందకి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. స్ప్రింగ్‌లా పని చేసి ఆ మూలని పైకి ఎత్తి పట్టుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకి చిరిగిపోతుంది కూడా. ఈ బోల్టులు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఫైనల్‌గా బిగించాలి. వెనక బీమ్ బుష్‌లకీ ఇదే రూల్.

మా మావయ్య కళ్లంలో

పలాసలో మా మావయ్యకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. జీడిపిక్కలు ఆరబోయడానికి సిమెంటు కళ్లం. పిక్కలు లేని సీజన్‌లో ఖాళీ. అలైన్‌మెంట్‌కి అన్నిటికంటే ముందు కావాల్సింది మట్టంగా ఉన్న నేల, అది జీడి ఊళ్లో ఎవరైనా ఇస్తారు. వాన నీరు పోవడానికి కళ్లానికి కాస్త వాలు ఉంటుంది. తాపీమేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల ట్యూబు తెచ్చి నాలుగు చక్రాల చోట్లా మట్టం చూశా. రెండు మూలలు తక్కువ ఉంటే ఫ్లోర్ టైల్స్ పెట్టి సరి చేశా.

కారుని జాకీ మీంచి దింపినప్పుడు టైర్లు నేలని పట్టేసుకుని చక్రాలు సహజమైన చోటుకి రావు. షాపుల్లో దీనికి తిరిగే ప్లేట్లు ఉంటాయి. మనకి టెక్కలి ఉండగా ప్లేట్లెందుకు? గ్రానైట్ పాలిష్ యూనిట్ల దగ్గర పనికిరాని ముక్కలు దొరుకుతాయి. నున్నటి వైపులు ఎదురెదురుగా పెట్టి మధ్యలో గ్రీజు రాస్తే, దాని మీద చక్రం వేలితో తోస్తే కదులుతుంది. ఈ ఐడియా నాది కాదు, కాశీబుగ్గలో లారీలకి అలైన్‌మెంట్ చేసే ఒక పెద్ద మెకానిక్‌ది. లారీ ఇరుసులు దారంతో సరి చేసి ముప్పై ఏళ్లు బతికిన మనిషి. ఫోన్ తీసి క్యాంబర్ కొలుస్తుంటే నవ్వి, "సెల్లుతో సూడు బావూ, దారం అబద్దం సెప్పదు" అన్నాడు.

సరే, ఫోన్. ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో యాక్సెలరోమీటర్ అని చిన్న చిప్ ఉంటుంది. లోపల సిలికాన్‌తో చేసిన అతి చిన్న బరువు, సన్నని స్ప్రింగ్‌ల మీద వేలాడుతూ ఉంటుంది. భూమి ఆకర్షణ దాన్ని ఏ వైపు ఎంత లాగుతోందో కొలిచి ఫోన్ ఎంత వాలి ఉందో చెబుతుంది. స్క్రీన్ తిరగడానికి వాడేది ఇదే. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు ఫైఫాక్స్ అని ఫ్రీ యాప్ చేశారు, ఫోన్ సెన్సర్లతో ఫిజిక్స్ ప్రయోగాలు చేయడానికి. అందులో వాలు కొలిచే ప్రయోగం ఉంది. అంకెలు కొంచెం ఊగుతాయి, పది సెకన్ల సగటు తీసుకోండి.

నేరుగా ఫోన్ వీపు రిమ్‌కి ఆనిస్తే పని కాదు. ఇప్పటి ఫోన్లకి కెమెరా బుడిపె అంత ఉంటోంది, అదే మూడు డిగ్రీల తప్పు చూపిస్తుంది. రిమ్ పై అంచు నుంచి కింది అంచుకి తగిలేలా తిన్నటి అల్యూమినియం బద్ద ఒకటి నిలువుగా పట్టుకుని, కేస్ తీసేసిన ఫోన్‌ని బటన్లు లేని అంచు ఆ బద్దకి ఆనేలా పెట్టాలి. దానికంటే ముందు మేస్త్రీ మట్టపు గుండు వేలాడదీసి, ఆ దారానికి సమాంతరంగా బద్ద పెట్టినప్పుడు ఫోన్ ఎంత చూపిస్తోందో రాసుకోవాలి. నా ఫోన్ 0.4 డిగ్రీ చూపించింది. అదే నా సున్నా, ప్రతి రీడింగ్ నుంచీ దాన్ని తీసేశా. తర్వాత కారుని చక్రం సగం తిరిగేంత దూరం దొర్లించి మళ్లీ కొలిచి సగటు తీశా. రిమ్ వంకర ఉంటే అది కొట్టుకుపోతుంది. తర్వాత షాపులో 3డి మెషీన్ మీద చూస్తే నా క్యాంబర్ అంకెలు 0.2 డిగ్రీ లోపే కలిశాయి. చాలు.

టోకి ఫోన్ పనికిరాదు. ఆకర్షణ కిందకి ఉంటుంది కాబట్టి యాక్సెలరోమీటర్‌కి పక్కకి తిరగడం తెలియదు. కంపాస్ సెన్సర్‌ని అంత ఇనుము పక్కన పెడితే అది చెప్పేది జాతకమే. ఇక్కడ మెకానిక్ చెప్పిన దారమే గెలిచింది. అక్కుపల్లి వైపు మత్స్యకారులు గాలానికి వాడే నైలాన్ దారం. సన్నగా ఉంటుంది, బిగిస్తే గీత గీసినట్టు నిలుస్తుంది. కారు ముందొక పైపు, వెనకొక పైపు అడ్డంగా, చక్రం మధ్య ఎత్తులో పెట్టా. రెండు పైపుల మీదా ఒకే దూరంలో గాట్లు పెట్టి రెండు పక్కలా దారం కట్టా. అప్పుడు రెండు దారాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. తర్వాత పైపులని అటూ ఇటూ జరుపుతూ, ఎడమ ముందు చక్రం నడిమికి ఎంత దూరమో కుడి ముందు చక్రానికీ అంతే, ఎడమ వెనక ఎంతో కుడి వెనక అంతే వచ్చేలా చేయాలి. ముందు దూరం, వెనక దూరం ఒకటే రావాలని చూడకండి, ముందు చక్రాల మధ్య వెడల్పు, వెనక చక్రాల మధ్య వెడల్పు వేరుగా ఉంటాయి. స్టీరింగ్ తిన్నగా పెట్టి తాడుతో సీటుకి కట్టేసి, దారం నుంచి రిమ్ ముందు అంచుకి, వెనక అంచుకి స్టీల్ స్కేల్‌తో కొలవాలి. ముందు అంచు దారానికి దగ్గరగా ఉంటే టో అవుట్. అర మిల్లీమీటరు తేడా చదవగలిగితే అది దాదాపు నాలుగున్నర నిమిషాల కోణం. కొన్ని వందల రూపాయల సరుకుతో ఇంత కచ్చితత్వం రావడం నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఏ వరసలో సరి చేయాలి

మొదటి కొలతలు ఇవి: ఎడమ క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాలు, కుడి మైనస్ 1 డిగ్రీ 10, మొత్తం టో 36 నిమిషాలు అవుట్. రెండు పక్కల మధ్య 40 నిమిషాల తేడా. కారు ఎటు వైపు క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా ఉంటే అటు లాగుతుంది, నా కారు కుడికి లాగేది. నేను రోడ్డు వాలు అనుకున్నా. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకి వాలి ఉంటాయి, అలాంటప్పుడు కుడికి లాగుతోందంటే అప్పుడే అనుమానం రావాల్సింది.

ఒకేసారి ఒక్కటే మార్చు, మార్చిన ప్రతిసారీ కొలువు. డీబగ్గింగ్‌లో నేర్చుకున్నదే ఇక్కడా. ముందు టైర్లలో గాలి సరి చేసి, బుష్ బోల్టులు నాలుగు చక్రాలూ గ్రానైట్ మీద ఉండగా వదులు చేశాం. కుడి పక్క "టక్" మని శబ్దం వచ్చి ఆ మూల 6 మిల్లీమీటర్లు కిందకి దిగింది. మెలితిరిగిన రబ్బరు వదులైన శబ్దం అది. తిరిగి బిగించి కొలిస్తే క్యాంబర్ ఎడమ మైనస్ 1 డిగ్రీ 40, కుడి మైనస్ 1 డిగ్రీ 20. తేడా 20 నిమిషాలకి పడిపోయింది. ఒక్క పార్టు కొనకుండా సగం సమస్య పోయింది.

తర్వాత క్యాంబర్. స్విఫ్ట్‌లో కంపెనీ క్యాంబర్ సర్దుబాటు ఇవ్వలేదు, కానీ షాక్ అబ్జార్బర్ చక్రం పట్టుకునే చోట రెండు బోల్టులు ఉంటాయి. అందులో ఒకదాని స్థానంలో క్యాంబర్ బోల్ట్ వేయొచ్చు. సన్నటి కడ్డీ, మధ్యలో గుడ్డు ఆకారపు ఉబ్బు. దాన్ని తిప్పితే చక్రం పైభాగం లోపలికో బయటకో జరుగుతుంది. కొందరు డబ్బు మిగులుతుందని బోల్టు రంధ్రాన్ని గ్రైండర్‌తో సాగదీస్తారు. దయచేసి వద్దు, గుంతలో పడ్డప్పుడు అది జారితే చక్రం వాలిపోతుంది. అలాగే అన్ని కార్లకీ ఈ బోల్ట్ పడదు. పోలో లాంటి వాటిలో ఇక్కడ రెండు బోల్టులు కాకుండా పట్టీలా బిగించే డిజైన్ ఉంటుంది, దానికి దారి వేరు. బోల్టు బిగించడం మాత్రం టార్క్ రెంచ్‌తోనే, తయారీదారు చెప్పిన అంకెకే. రెండు పక్కలా కలిపి గంటన్నర పట్టింది. ఎడమ మైనస్ 45 నిమిషాలు, కుడి మైనస్ 40 దగ్గర ఆపాం.

క్యాంబర్ మార్చగానే టో 36 నుంచి 52 నిమిషాల అవుట్‌కి వెళ్లింది. భయపడక్కర్లేదు, ఇది జరగాల్సిందే. చక్రం వాలు మారితే టై రాడ్ పట్టుకున్న చోటు కూడా జరుగుతుంది. అందుకే టో ఎప్పుడూ ఆఖర్న. టో ముందు చేసి క్యాంబర్ తర్వాత చేసే వాళ్ల దగ్గర కారు పెట్టకండి.

టో సర్దడం టై రాడ్ మీద. లాక్ నట్ వదులు చేసి రాడ్ తిప్పాలి. మర పిచ్ 1.5 మిల్లీమీటర్లు, స్టీరింగ్ ఆర్మ్ పొడవు 130 అనుకుంటే ఒక పూర్తి చుట్టుకి 0.66 డిగ్రీ మారుతుంది. అంటే పావు చుట్టుకి దాదాపు 10 నిమిషాలు. రెండు పక్కలా సమానంగా తిప్పాలి, లేకపోతే టో సరిపోతుంది కానీ స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. రబ్బరు బూట్ క్లిప్ కూడా వదులు చేయండి, లేకపోతే రాడ్‌తో పాటు అదీ మెలితిరిగి చిరుగుతుంది. అప్పుడు మన ఉద్దానం ఇసుకంతా ర్యాక్ లోపలికే. నాలుగు సార్లు తిప్పి, కొలిచి, మళ్లీ తిప్పి, చివరికి 4 నిమిషాల టో ఇన్ దగ్గర లాక్ చేశాం. వెనక ఇరుసు టార్షన్ బీమ్, అక్కడ తిప్పడానికి ఏమీ ఉండదు, వంకర లేదని దారంతో చూసుకుంటే చాలు.

మీ కారుకి ఈఎస్‌సీ ఉంటే ఇంకో పని. స్టీరింగ్ తిన్నగా ఉన్న చోటు ఏదో చెప్పే సెన్సర్‌ని స్కానర్‌తో సున్నాకి సెట్ చేయించండి. అద్దం మీద కెమెరా ఉన్న అడాస్ కార్లయితే ఎత్తు మారితే కెమెరా చూసే కోణమూ మారుతుంది, దానికీ కాలిబ్రేషన్ కావాలి. ముందు భాగం ఎక్కువ దిగితే హెడ్‌లైట్లు కూడా దగ్గరే నేలని చూస్తాయి. కొత్త కార్ దించే ముందు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

కొత్త టైర్లతో 3,000 కిలోమీటర్లు నడిపా. ముందు టైర్లలో లోపల, మధ్య, బయట గాడి లోతులు కొలిస్తే మూడింటికీ తేడా 0.2 మిల్లీమీటర్లే. వాన రోజు అదే చోట నీళ్లలో కారు తిన్నగా వెళ్లింది. అలైన్‌మెంట్ వరకు నేను గెలిచినట్టే.

కానీ మా ఊరి నుంచి పలాసకి దారిలో తొమ్మిది స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మావి అదే ఎత్తు, మీటరు కూడా లేని వెడల్పు. స్విఫ్ట్ కంపెనీ గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు, నాకు మిగిలింది 130. నలుగురు కూర్చుంటే ఇంకా తక్కువ. ప్రతి దాని మీదా కింద గీరుకునేది, గట్టి స్ప్రింగ్‌కి వెనక సీటు ఎగిరేది. డయాలసిస్ అయ్యాక చేతికి సూది గుచ్చిన చోట పట్టీ వేసి గట్టిగా పట్టుకుని కూర్చుంటారు పెదనాన్న. కారు ఎగిరినప్పుడల్లా ఇంకో చెయ్యి పట్టీ మీద పెట్టుకోవడం అద్దంలో కనిపించేది. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ ఒక నెల పాటు కనిపించనట్టు నటించా.

ఇంకోటి కూడా చెప్పాలి, దీన్ని దాచే రివ్యూలంటే నాకు చిరాకు. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఈ స్ప్రింగ్స్ కనిపిస్తే ఏం మాట్లాడాలో నా దగ్గర జవాబు లేదు.

జనవరిలో పాత స్ప్రింగ్స్ తిరిగి వేయించా, మళ్లీ మావయ్య కళ్లంలోనే. ఎత్తు పెంచినా అలైన్‌మెంట్ మారుతుంది, ఈ సంగతి మర్చిపోకండి. క్యాంబర్ బోల్టులు అలాగే ఉంచితే చక్రాలు బయటకి వాలిపోతాయి, అందుకని కంపెనీ బోల్టులే తిరిగి వేశాం. కారు కింద పెట్టి దారం కట్టి చూస్తే టో 55 నిమిషాలు ఇన్. దించినప్పుడు ఎంత తిప్పామో అంతా ఎదురు తిరిగింది. దించిన కారుకి చేసిన సెట్టింగ్‌తో అలాగే నడిపి ఉంటే ఈసారి బయటి అంచులు పోయేవి. సాయంత్రానికి క్యాంబర్ ఎడమ మైనస్ 25, కుడి మైనస్ 10, టో ఇన్ 3 నిమిషాలు. ఈసారి ప్రింట్ కూడా తీసుకున్నా, 3డి షాపులో డబ్బు కట్టి మరీ.

మర్నాడు పెదనాన్న కారెక్కి కూర్చుని, మొదటి స్పీడ్ బ్రేకర్ దాటాక, "టైర్లలో గాలి ఎట్టించినావేటిరా?" అన్నారు. అవునన్నా.